విద్యార్థుల భూప్రదక్షిణము

మొన్నటి వేసవిలో కోరుట్లయందు మా బంధువుల యింట పెండ్లికి పోయియుంటిమి. పెండ్లి ముగిసి చుట్టములు పలుచబడిన పిదప గృహస్థుడు మమ్ము అరుగు మీదికి పిలిచెను. తన పెద్దకూతురు ఇంజనీరింగు ముగించినదనియు, అమెరికాలో పైచదువునకు చోటు దొరకినదనియు, అందులకు చెరువుకింది మడి రెండెకరములు అమ్మవలసి యున్నదనియు చెప్పి, "పిల్లను పంపుమంటరా, బావా?" అని యడిగెను. మేము నోరు విప్పక మునుపే లోపలినుండి ఆయన తల్లి, "వినాయకుడు లోకమంత తిరిగిండా? తల్లిదండ్రుల చుట్టు తిరిగి గెలువలేదా?" అనెను. నాడు మేము సరియైన సమాధానము చెప్పలేక ఊరకుంటిమి. ఆ ప్రశ్నకు చరిత్రలో నేమైన జవాబు కలదా యని వెదకి, మాకు తోచినది ఇచ్చట వ్రాయుచున్నాము.

చదువుకొనువారిని ఓడ యెక్కించి లోకము చూపించుట క్రొత్త యాలోచన గాదు. 1871 డిసెంబరులో జపాను దేశపు యొకహామా రేవు నుండి ఒక పొగయోడ అమెరికాకు బయలుదేరెను. ఇవాకురా తొమోమి యను ప్రభువు నాయకత్వమున అందు నూరుమందికి పైగా ఎక్కిరి. రాయబారులును ఉద్యోగులును గాక విద్యార్థులును అందు పెక్కుమంది యుండిరి. వారిలో అయిదుగురు బాలికలు. అందరికంటె చిన్నది త్సుదా ఉమేకో. ఆమెకు నాటికి ఆరేండ్లు. రాయబారులు అమెరికాను, ఐరోపా దేశములను చూచి, సూయెజు కాలువ మీదుగా వచ్చి, సింహళమును తాకి, భూమిని చుట్టి 1873 సెప్టెంబరులో స్వదేశము చేరిరి. విద్యార్థులు ఆయా దేశములలో నిలిచి చదువుకొనిరి.

ఉమేకో పదునొకండేండ్లు అమెరికాలో పెరిగి 1882లో తిరిగివచ్చెను. అప్పటికి ఆమె మాతృభాషను దాదాపు మరచిపోయి యుండెను. పాశ్చాత్యవిద్య నంతయు నేర్చిన పిల్లకు కన్నవారితో మాటాడుటకు మాటలు కరవైనవి! ఆమె తన భాషను మరల నేర్చుకొనవలసి వచ్చెను. తరువాత 1900లో టోక్యో నగరమున స్త్రీలకై ఒక విద్యాలయమును నెలకొల్పెను. అది నేడు ఆమె పేర విశ్వవిద్యాలయముగా నున్నది.

టోక్యో విశ్వవిద్యాలయము కథయు నిట్టిదే. మొదట నచ్చట అనేక శాస్త్రములను విదేశీయులు తమ భాషలలో బోధించుచుండిరి. పిమ్మట విదేశములలో చదివి వచ్చిన జపానీయులు ఆ పీఠముల నాక్రమించి, శాస్త్రములకు తమ భాషలో పేళ్లు కల్పించి, తమ భాషలోనే పాఠములు చెప్పసాగిరి. చదువరులు ఈ క్రమమును గమనింపవలెను. విద్యార్థి పోయెను, నేర్చెను, మరలివచ్చెను, నేర్చినదానిని ఇంటి భాషలోనికి దించెను. మన భాషలో ప్రదక్షిణమను మాటకు బయలుదేరిన చోటికి మరల చేరుటయని యర్థము. నాలుగవ మెట్టు వరకు వచ్చినగాని విద్యార్థి చేసిన ప్రదక్షిణము పూర్తికాదు.

దీనికి భిన్నమైన యాత్ర యొకటి 1926లో జరిగెను. న్యూయార్కులో మనస్తత్వశాస్త్రము బోధించుచుండిన జేమ్సు లఫ్ అను ఆచార్యుడు, తరగతి గదిలో కూర్చుండి ప్రపంచమును గూర్చి వినుటకంటె ప్రపంచమునే తరగతి గదిగా చేయుట మేలని తలంచెను. రైండామ్ అను డచ్చివారి ఓడను కుదుర్చుకొని, సుమారు 500 మంది విద్యార్థులతోను, అధ్యాపకులతోను ఆ సంవత్సరము సెప్టెంబరులో అమెరికా తూర్పుతీరము విడిచిరి. స్త్రీలు కొలదిమందియే. పనామా కాలువ దాటి, హవాయి, జపాను, చైనా, సయాము, జావా, సింహళము, బొంబాయి, ఈజిప్టు, ఐరోపా రేవులు చూచి, 1927 మే నెలలో ఇల్లు చేరిరి. ఓడలోనే పాఠములు, ఓడలోనే పరీక్షలు. అయితే మొదట ఈ పనికి తోడ్పడిన న్యూయార్కు విశ్వవిద్యాలయము ప్రయాణమునకు ముందే తన సంబంధమును తెంపుకొనెను. చదువు కొంత, విహారము కొంతగా యాత్ర సాగెనని నాడే విమర్శలు వచ్చినవి. రేవులో దిగుట, సభలో కూర్చుండుట, ఛాయాచిత్రములు తీసికొనుట, మరల ఓడ యెక్కుట: ఏడునెలలలో ఇన్ని దేశములు చూచువారికి ఇంతకుమించి యెట్లు సాధ్యమగును? ఆ యత్నమును మేము తక్కువ చేయుట లేదు. సముద్రముపై చదువను నేటి యేర్పాటులకు అదియే మార్గదర్శి. కాని చూచుట వేరు, తెచ్చుట వేరు.

ఆ విద్యార్థులు బొంబాయిలో దిగినప్పుడు కొందరు రైలెక్కి ఆగ్రా పోయి తాజమహలు చూచివచ్చిరి. ఆ రైలు కిటికీలనుండి మన ఊళ్లు కనబడవు. అప్పటికి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడును నిజాము రాజ్యమున కరీంనగరు జిల్లాలోనివి. పెద్దపల్లి, రామగుండముల మీదుగా పోవు కాజీపేట-బల్లార్షా రైలుమార్గము 1929లో గాని తెరువబడలేదు. జగిత్యాల, కోరుట్లలకైతే ఇరువదియొకటవ శతాబ్దమున గాని రైలు రాలేదు. మన పిల్లవాడు సముద్రము చూడవలెనన్న మొదట ఎడ్లబండిపై బహుదూరము పోవలసిన కాలమది.

అయినను ఈ ఊళ్లు లోకమెరుగని ఊళ్లు కావు. జగిత్యాలలోని నక్షత్రాకారపు కోట పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రెంచి ఇంజనీర్ల చేతిమీద లేచినదని చెప్పుదురు. జాక్, టాల్ అను ఇద్దరి పేళ్లు కలిసి ఊరి పేరైనదని జనశ్రుతియు కలదు. జనశ్రుతి మాట యెట్లున్నను, చుట్టు కందకము, ఫిరంగుల కనువైన కొత్తడములు గల ఆ కట్టడమును చూచినవారికి అది ఐరోపా పద్ధతి యని తెలియకపోదు. కోరుట్ల చేతికాగితమునకు పేరుపొందిన ఊరు. పట్వారీల లెక్కల పుస్తకములకు ఆ కాగితమును వాడెడివారు. మానేరు తీరమున సిరిసిల్ల నేతగాండ్ర ఊరు. శిల్పము తెలిసిన చేతులు, కాగితము చేసిన చేతులు, బట్ట నేసిన చేతులు ఇచ్చట కలవు. లేనిదల్లా ఆ చేతుల బిడ్డలకు తమ భాషలో చదువు.

ఈ రాజ్యమున 1884 వరకు రాజభాష పారసీకము, తరువాత ఉర్దూ. జనులలో ఎక్కువమంది తెలుగువారు. మరాఠీ, కన్నడము మాటాడువారును పెక్కురు. సిరిసిల్ల బాలుడు ఇంట తెలుగు మాటాడి, బడిలో ఉర్దూలో లెక్కలు చేయవలెను. తల్లికి బిడ్డ పాఠము తెలియదు. బిడ్డకు తల్లి మాట బడిలో పనికిరాదు. ఒకే వీథిలో రెండు లోకములు.

ఇట్టి కాలమున హైదరాబాదు ప్రభుత్వము ఒక గొప్ప కార్యము చేసెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపితమైనది. ఇంగ్లీషు గాక ఒక భారతీయ భాషయే ఉన్నతవిద్యకు మాధ్యమముగా నుండుట అప్పటికి ఈ దేశమున క్రొత్త. అనువాదశాఖ నేర్పరచి, శాస్త్రగ్రంథముల ననేకముగా ఉర్దూలోనికి తెచ్చిరి. 1922లో విద్యాశాఖాధిపతి సయ్యద్ రాస్ మసూద్ జపాను పోయి అచ్చటి విద్యాపద్ధతిని స్వయముగా పరిశీలించి గ్రంథము వ్రాసెను. ఇవాకురా ఓడ బయలుదేరిన అర్ధశతాబ్దమునకు దాని ఫలమును మన రాజ్యోద్యోగి యొకడు కన్నులార చూచెనన్నమాట. దేశభాషలో విద్య గరపినగాని జాతి పైకిరాదని జపాను పాఠము.

పాఠము గొప్పది, కాని మనవారు దానిని సగమే చదివిరి. జపానీయుల విద్యాభాష వారి తల్లులు మాటాడిన భాష. ఉర్దూ చక్కని భాష, ఈ దేశపు భాష. అందు మాకు వైరము లేదు. కాని జగిత్యాల రైతుబిడ్డకు అది తల్లి మాటాడిన భాష కాదు. ఇంగ్లీషు గోడను పడగొట్టిన చేతులే మరియొక గోడను నిలిపినవి.

ఆ గోడ యెంత యెత్తైనదో 1921 నవంబరు 12వ తేదీన హైదరాబాదులో తేటపడెను. నాడు మహర్షి ధోండో కేశవ కర్వే అధ్యక్షతను నిజాము రాష్ట్ర సంఘసంస్కార సభ జరుగుచుండెను. ఇతరులు ఇంగ్లీషులోను, ఉర్దూలోను, మరాఠీలోను మాటాడగా విన్న సభ, ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ఉపన్యసింప లేవగా గేలిచేసెను. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. దానినుండి ఆంధ్రమహాసభ పెరిగినది. విచిత్రమేమన, ఆనాటి అధ్యక్షుడగు కర్వేగారే 1916లో మాతృభాషలో బోధించు మహిళా విద్యాపీఠమును పూనాలో స్థాపించిన మహనీయుడు. ఆ తలంపు ఆయనకు జపాను మహిళా విశ్వవిద్యాలయమును గూర్చిన ఒక చిన్న పుస్తకము చదువుటచే కలిగెను. డెబ్బదియేండ్లు దాటిన పిదప, 1929లో, ఆయన ఐరోపా, అమెరికా, జపానుల మీదుగా భూమిని చుట్టివచ్చెను. విద్యార్థికి వయస్సు లేదని దీనివలన తెలియును.

ఆంధ్రమహాసభ మొదటి సమావేశము 1930లో జోగిపేటలో జరిగెను. నాలుగవది 1935లో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతను మన సిరిసిల్లలో జరిగెను. ఈ సమావేశములతోపాటు మహిళాసభలు కూడ నడుచుచుండెను. ఏటేట వీరు కోరిన కోర్కెలలో మాతృభాషలో ప్రాథమికవిద్య ముఖ్యమైనది. అడిగినది రాజ్యము గాదు, ధనము గాదు. తమ బిడ్డకు తమ మాటలో అక్షరము. టోక్యోలో యాత్రికుడు నేర్చిన పాఠములో మిగిలిన సగమును సిరిసిల్ల సభాపందిరిలో చదువురాని నేతగాడును ఎరిగియుండెను. ఓడ యెక్కినవాడే లోకజ్ఞుడనుకొనువారు ఈ సంగతిని మరువరాదు.

ఉస్మానియాకై మరియొక యాత్రయు జరిగెను. విశ్వవిద్యాలయ భవనము లెట్లుండవలెనో తెలిసికొనుటకు 1930 ప్రాంతమున నవాబు జైన్ యార్ జంగు, సయ్యద్ అలీ రజా అను శిల్పులను ప్రభుత్వము ఐరోపా, అమెరికా మొదలగు దేశములకు పంపెను. బెల్జియము దేశీయుడగు ఎర్నెస్టు జాస్పరు ఆ కట్టడమునకు రూపకల్పన చేసెను. 1934లో పునాది పడి, 1939లో తెరువబడిన ఆర్ట్సు కళాశాలలో హిందూ, ముస్లిము శిల్పరీతులు కలిసియుండుట నేటికిని చూడవచ్చును. ప్రపంచమంతయు చూచి తెచ్చిన ఆ జ్ఞానము గులాబిరంగు రాయిగా నిలిచినది. ఆ రాతివాకిటిలోనికి వేములవాడ చెంతగల హనుమాజీపేటనుండి ఒక రైతుబిడ్డ వచ్చెను.

ఆయనయే సి. నారాయణరెడ్డిగారు. 1931లో పుట్టి, సిరిసిల్లలోను కరీంనగరులోను ఉర్దూ మాధ్యమమున చదివి, ఉస్మానియాలో పట్టము పొందెను. హైదరాబాదులో 1901నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమున తెలుగు గ్రంథములు చదువుకొనెను. పాఠశాల ఇయ్యని భాషను గ్రంథాలయ మిచ్చినది. 1962లో ఆధునికాంధ్ర కవిత్వమును గూర్చి పరిశోధించి డాక్టరు పట్టము నందెను. ఆ విశ్వవిద్యాలయముననే తెలుగాచార్యుడయ్యెను. ఆయన కావ్యము 'విశ్వంభర' 1980లో వెలువడెను. 1988లో జ్ఞానపీఠ పురస్కార మాయనను వరించెను. ఉర్దూచదువు ఆయనకు వృథా కాలేదు. గజలు తెలుగులో పాదుకొనుటకు ఆయన చేసిన కృషి దానికి సాక్ష్యము. పరభాషలో నేర్చినదానిని ఇంటిభాషలోనికి దించుటకు ఇంతకన్న దగ్గరి యుదాహరణము మనకేల? ఆయన చదువుకై సముద్రము దాటలేదు. హనుమాజీపేటనుండి హైదరాబాదునకే ఆయనకు ప్రదక్షిణము సరిపోయెను.

అట్లైన పోయినవాడు మరలిరాకున్న వాని చదువు వ్యర్థమా? అట్లనుటయు సాహసమే. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యము చదివి, మామగారి సాయముతోను, ఒక ధర్మసంస్థ యిచ్చిన సొమ్ముతోను అమెరికా చేరి హార్వర్డులో చదివిరి. ఇంట భార్యను విడిచిపోయిరి. ఆమె యెదురుచూచుచునే యుండెను. ఆయన మరల రాలేదు. 1948లో న్యూయార్కు సమీపమున మరణించిరి. ఆ యింటి దుఃఖమును ఏ కీర్తియు తీర్పజాలదు. కాని ఆయన పర్యవేక్షణమున లెడర్లీ ప్రయోగశాలలో వెలువడిన మందులలో బోదవ్యాధికి వాడు డి.ఇ.సి. మాత్ర యొకటి. కరీంనగరు జిల్లా ఆ వ్యాధి పీడించిన జిల్లాలలోనిది. బోదకాలుతో బావి మెట్లు దిగలేని ముసలివారిని, ఆ కారణమున సంబంధము తప్పిపోయిన ఆడపిల్లలను ఎరుగని ఊరు ఈ ప్రాంతమున లేదు. 2004నుండి దేశమున సామూహికముగా పంచిన ఆ మాత్రలు ఈ జిల్లాలో ఇంటింటికి వచ్చినవి. ఆయన రాలేదు, ఆయన నేర్చినది వచ్చినది. అయితే ఆ మాత్ర మ్రింగినవారిలో ఆయన పేరెరిగినవారెందరు? పేరు చెప్పి, ఆ కథ చెప్పి, రోగ మెట్లు వచ్చునో దోమ యెట్లు మోయునో వారి మాటలో వివరించినగదా, జ్ఞానము గడప దాటి లోనికి వచ్చినట్లు!

నేడు కాలము మారినది. 1970ల తరువాత ఈ మూడు ఊళ్ల చుట్టుపట్ల గ్రామములనుండి వేలకొలది జనులు దుబాయి, మస్కటు మొదలగు చోట్లకు కూలికి పోయిరి. ఇటీవల విద్యార్థులును పెక్కురు అమెరికా, ఐరోపాలకు పోవుచున్నారు. తాతలు సముద్రము చూడని యిండ్లలో మనుమలకు రెండు ఖండములు తెలియును. కాని మనము వారిని అడుగున దేమి? గల్ఫునుండి వచ్చినవానిని ఎంత తెచ్చితివని యడుగుదుము. ఏమి చూచితివని యడుగము. ఎడారిలో నీరెట్లు పొదుపు చేయుదురో, పెద్దకట్టడముల నెట్లు లేపుదురో తన చేతులతో చేసినవాడు మన వీథిలోనే మౌనముగా కూర్చుండును. అమెరికానుండి సెలవునకు వచ్చిన విద్యార్థిని ఉద్యోగ మెప్పుడని యడుగుదుము. చదువేమని యడిగినచో అతడు తెలుగులో చెప్పలేక తడబడును. ఉమేకో పడిన కష్టము నేడు మన యిండ్లలో ననేకులు పడుచున్నారు; అయితే ఆమెవలె మరల నేర్చుకొనువారు కొలదిమంది.

కావున మా మనవి యిది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో గ్రంథాలయములు కలవు, కళాశాలలు కలవు. నెలకొకమారు పరదేశమునుండి వచ్చినవారి నొకరిని, విద్యార్థియైనను కూలియైనను సరే, పిలిచి ఊరిమాటలో చెప్పించి వినుడు. జగిత్యాల చెంత పొలాసలో వరిపై పరిశోధన చేసినవారు తాము రూపొందించిన వంగడమునకు 'జగిత్యాల సన్నాలు' అని పేరిడిరి. శాస్త్రీయమైన సంఖ్య కాగితముపై నుండగా, ఆ పేరు రైతు నోట నిలిచినది. జ్ఞానమునకు ఊరిపేరు పెట్టినచో ఊరు దానిని తనదిగా చేసికొనును.

ఇక కోరుట్ల ముసలమ్మగారి ప్రశ్న. ఆ కథలో కుమారస్వామి ఏ నదికి పోయినను, అన్న తనకంటె ముందే స్నానము చేసి యెదురు వచ్చుచుండెను. కదలనివాడు గెలిచెనని దాని భావము గాదు. వినాయకుడును ప్రదక్షిణము చేసినవాడే. ఎవరిని నడుమ నుంచుకొని తిరిగితిమనుటయే అందలి విషయము. ఇంటిని నడుమ నుంచుకొని పోయినచో, అమెరికా పోయినను అది తల్లిదండ్రుల చుట్టు తిరుగుటయే యగును.

ఆ గృహస్థునకు మేము జాబు వ్రాసితిమి. మడి అమ్ముటయో మానుటయో వారి యింటి లెక్క; అందు మేము వ్రేలు పెట్టజాలము. ఆడపిల్ల యను కారణమున మాత్రము ఆపవద్దని గట్టిగా వ్రాసితిమి. నూటయేబదియేండ్ల క్రిందటనే ఆరేండ్ల పిల్లను ఓడ యెక్కించిన తండ్రి లోకమున నుండెను. పిల్లకు వేరుగా ఒక చీటి పెట్టితిమి. నెలకొక ఉత్తరము నాయనమ్మకు తెలుగున వ్రాయవలెననియు, అందు క్షేమసమాచారములే గాక, ఆ నెల తాను చదివినదేమో ఆమెకు బోధపడునట్లు చెప్పవలెననియు కోరితిమి. నాయనమ్మకు చదువు రాదట. ఆ ఉత్తరము ఇంట నెవరైనను పైకి చదివి వినిపింపవలెను. అరుగు మీద నలుగురు విందురు.